మొక్కు లేని నడక

మే నెలలో కూలర్ మెకానిక్ దుకాణం వదిలి గుట్టలు పట్టుకు తిరుగుతున్నాడంటే కిన్వట్‌లో ఎవరూ మెచ్చుకోరు. మా సంపాదన హోలీ దాటాక మొదలై మృగశిర కార్తెతో ముగుస్తుంది. గడ్డి మార్చడం, పంపు మార్చడం, కాలిపోయిన మోటారుకు వైండింగ్ చేయించడం... ఏడాదంతా ఇంటికి అన్నం పెట్టేవి ఇవే. అలాంటిది సరిగ్గా కృత్తిక కార్తెలో, బుద్ధ పూర్ణిమ వెన్నెల చూసుకుని, దుకాణం తమ్ముడికి అప్పజెప్పి బ్యాగు సర్దుకుంటుంటే బాపు కాసేపు చూసి, "ఎండ తగలాల్నంటే దుకాణం ముంగట నిలబడు, సరిపోతది" అన్నాడు. అవ్వ మాత్రం రేణుకమ్మ గుడి ఉన్న మాహూర్ వైపని వినగానే కొబ్బరికాయ తెచ్చి బ్యాగులో పెట్టింది. బరువని నేను తీసేస్తే మళ్లీ పెట్టింది.

మా దోస్తులు లడఖ్ అనీ జైసల్మేర్ అనీ పోయి ఫోటోలు పెడుతుంటారు. నాకు అంత తీరిక లేదు, అంత ఆశా లేదు. సార్ఖణి నుంచి మాహూర్ దాకా ఉన్న నల్లరాతి గుట్టలు మే నెలలో ఏ ఎడారికీ తీసిపోవు. వానాకాలంలో ఈ వైపు జనమంతా సహస్రకుండ్ జలపాతానికి ఎగబడతారు. అప్పుడు గుట్టలన్నీ పచ్చగా ఒకేలా ఉంటాయి, నాకు వాటి మీద పెద్ద మోజు లేదు. ఆకు రాలాకే గుట్ట అసలు ఆకారం కనిపిస్తుంది. టేకు చెట్టు ఎండాకాలంలో నీళ్లు ఆదా చేసుకోవడానికి ఆకులన్నీ వదిలేస్తుంది కదా, ఈ గుట్ట మీద నిలబడితే అవతలి గుట్ట మీద మేకలెన్నో చెప్పొచ్చు. నడుమ నడుమ తపసి చెట్లు, తెల్లటి మొద్దులు. ఆ బూడిద రంగంతటిలో రేల చెట్టు ఒక్కటే పసుపు గుత్తులు వేలాడదీసుకుని ఉంటుంది, ఎవరి పెళ్లికో తెలియదు.

మా ఊరి సంగతి తెలియనివాళ్లకు ఒక మాట. కిన్వట్ ఇప్పుడు నాందేడ్ జిల్లాలో ఉంది గానీ 1956 నవంబర్ 1 దాకా ఆదిలాబాద్ జిల్లాలో తాలూకా. రాష్ట్రాల పునర్విభజనలో కిన్వట్, రాజురా తాలూకాలూ, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ ప్రాంతమూ బొంబాయి రాష్ట్రానికి పోయాయి. 1960లో అదే మహారాష్ట్ర అయింది. మా తాత ఇల్లు మారకుండానే హైదరాబాద్, బొంబాయి, మహారాష్ట్ర మూడు రాష్ట్రాల్లో కాపురం చేశాడు. మా ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, దుకాణంలో ఏది పడితే అది. అందుకే నా తెలుగులో ఎక్కడైనా మరాఠీ వాసన వస్తే సర్దుకోండి.

సార్ఖణి దాకా బస్సు. అక్కడి నుంచి వాయి బజార్ మీదుగా మాహూర్‌కు మంచి తారు రోడ్డుంది, బస్సులో కునుకు తీసేలోపు చేరిపోతాం. నేను రోడ్డు వదిలేసి, తాండా నుంచి తాండాకు పోయే బండ్ల బాటలు, పశువుల బాటలు పట్టుకున్నాను. ఫారెస్ట్ వాళ్లకు ముందే చెప్పాను, ఇది దాచి చేసే పని కాదు. చౌకీలో ఉన్న గార్డు నా బ్యాగు వైపు, నా మొహం వైపు చూసి రెండు షరతులు పెట్టాడు. రాత్రి అడవిలో పడుకోకూడదు, ఊళ్లోనే పడుకోవాలి. నిప్పు ముట్టించకూడదు. మే నెలలో ఎండుటాకు మీద ఒక్క అగ్గిపుల్ల పడితే గుట్ట గుట్టంతా పోతుంది. ఇప్పపూల కాలంలో చెట్ల కింద చెత్త కాల్చిన మంటలే అదుపు తప్పి వాళ్లకు నిద్ర లేకుండా చేస్తాయట. "పైగా ఈ పున్నానికి మేము మంచెలెక్కి నీటిగుంటల దగ్గర జంతువులను లెక్కపెడతాం. నువ్వు గుంట దగ్గరికొచ్చావంటే నిన్నూ లెక్కలో రాయాల్సొస్తది" అన్నాడు. బుద్ధ పూర్ణిమ రాత్రి మహారాష్ట్ర అడవుల్లో ఈ లెక్క జరగడం ఆనవాయితీ. ఎండాకాలం నీళ్లు ఎక్కడో ఒకచోటే ఉంటాయి, ప్రతి జంతువూ అక్కడికి రాక తప్పదు, వెన్నెల్లో టార్చి అక్కర్లేదు.

పులి సంగతి అడిగాను. నవ్వాడు. "ఉంటే ఉంటది, లేకుంటే లేదు. టిపేశ్వర్ పులి తెల్వదా?"

తెలియకేం. 2019 జూన్‌లో యవత్‌మాళ్ జిల్లా టిపేశ్వర్ అభయారణ్యం నుంచి మెడకు రేడియో కాలర్ ఉన్న కుర్ర మగపులి ఒకటి బయలుదేరింది. మహారాష్ట్రలో కొన్ని జిల్లాలు, ఇటు తెలంగాణలో కొంత తిరిగి, చేలూ కాలువలూ రోడ్లూ దాటుకుంటూ బుల్ఢాణా జిల్లా జ్ఞానగంగా అభయారణ్యం చేరింది. మొత్తం మీద 3,000 కి.మీ. పైనే నడిచిందని కాలర్ చెప్పింది. మన పైన్‌గంగ నది పుట్టింది కూడా ఆ బుల్ఢాణా జిల్లాలోనే. ఒంటరి ప్రయాణం గురించి ఎవరైనా గొప్పలు చెబితే నాకు ఆ పులే గుర్తొస్తుంది. దానికి బ్యాగు లేదు, ఫోటోలు లేవు, దారిలో "ఏం మొక్కు?" అని అడిగినవాళ్లూ లేరు.

నన్ను మాత్రం అడిగారు. సార్ఖణిలో బస్సు దిగి ఛాయ్ తాగుతుంటేనే మొదలైంది. బ్యాగు, నెత్తికి రుమాలు, చేతిలో కర్ర, మాహూర్ దిక్కుకు కాలినడక. "రేణుకమ్మకా, దత్తుడికా?" రెండూ కాదు, ఊరికే నడుస్తున్నా అన్నాను. ఛాయ్ దుకాణం ఆయన గ్లాసు కడగడం ఆపి చూశాడు. "ఊరికేనా? ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా భావూ?" అని గొంతు తగ్గించి అడిగాడు. పక్కన కూర్చున్న పెద్దమనిషి నేను మొబైల్ టవర్ సర్వేకు వచ్చానని తేల్చి, తన చేను టవర్‌కు బాగా పనికొస్తుందని చెప్పడం మొదలుపెట్టాడు. మొక్కుతో ఎండలో నడిస్తే మనిషి బంగారం. మొక్కు లేకుండా నడిస్తే ఏదో తేడా ఉందన్నట్టు.

ఇక నీళ్ల లెక్క. ఎండాకాలం నడక అంటే ధైర్యమనుకుంటారు గానీ నాకది పూర్తిగా కూడికలు తీసివేతల వ్యవహారం. ఈ ఎండలో బరువు మోస్తూ గుట్టెక్కితే గంటకు లీటరు దాకా చెమట పోతుంది. పొద్దున నాలుగు గంటలు నడవాలంటే నాలుగు లీటర్లు, మధ్యాహ్నం నీడన కూర్చోవడానికి ఇంకో రెండు. ఆరు లీటర్లంటే ఆరు కిలోలు. నీళ్లు ఎక్కువ మోస్తే చెమట ఎక్కువ, చెమట ఎక్కువైతే నీళ్లు ఇంకా కావాలి. ఎక్కడో ఒకచోట ఈ లెక్కను ఆపాలి. నేను ఆరు దగ్గర ఆపాను. నాలుగు లీటర్లు ప్లాస్టిక్ సీసాల్లో, రెండు లీటర్లు ఛాగల్‌లో.

ఛాగల్ ఈతరం వాళ్లకు తెలియకపోవచ్చు. ఒకప్పుడు లారీల ముందు వేలాడుతుండేది చూశారా, మందపాటి కాన్వాస్ నీళ్ల సంచి, అదే. నీళ్లు పోయగానే దారాలు ఉబ్బి కన్నాలు మూసుకుంటాయి, అయినా పైన సన్నగా చెమ్మ ఊరుతూనే ఉంటుంది. ఆ చెమ్మ గాలికి ఆవిరైపోతూ లోపలి వేడిని లాగేస్తుంది. రాంజణ అనే మట్టి కాగులో నీళ్లు చల్లబడేదీ, నా దుకాణంలో కూలర్ నడిచేదీ ఇదే సూత్రం మీద. సాయంత్రానికి ఛాగల్‌లో పావు వంతు నీళ్లు గాలికే పోతాయి. అది నష్టమంటారు మావాళ్లు. నేను కరెంటు బిల్లు అంటాను.

తిండికి జొన్నరొట్టెలు గట్టిగా కాల్చినవి, అటుకులు, పుట్నాలు, బెల్లం, ఉల్లిగడ్డ, మామిడికాయ తొక్కు. పొయ్యి లేదు కనుక బియ్యం గొడవ లేదు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు కొన్ని. వీటి గురించి ఒక్కటి చెప్పాలి. పెద్ద ప్యాకెట్‌లో 20.5 గ్రాముల పొడి ఉంటుంది, అది సరిగ్గా ఒక లీటరు నీళ్లకు. గ్లాసులో మొత్తం పోసుకుని తాగేవాళ్లను నేను చాలామందిని చూశాను, అలా చేస్తే మేలు బదులు కీడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు సెలైన్ సీసాలు చాలక, కోల్‌కతా డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఉప్పు, గ్లూకోజు కలిపించి తాగించి ఎంతోమందిని బతికించాడు. ఆ ఉప్పు చక్కెర నీళ్లే ఇవి. గంటల కొద్దీ చెమట పట్టాక ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలుచబడి తల తిరుగుతుంది. అది దాహమే అనుకుని మళ్లీ ఉత్త నీళ్లే తాగుతారు.

మొదటి సాయంత్రం నడక గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఎండ వాలాక మొదలుపెట్టి పొద్దుగూకే వేళకు ఒక బంజారా తాండా చేరాను. నల్లరాయి పగలంతా వేడిని మింగి రాత్రి కక్కుతుంది. చెప్పుల్లోంచి కూడా పాదాలకు తెలుస్తూనే ఉంది.

తాండాలో బడి వరండాలో పడుకోవచ్చన్నారు. సెలవులు కదా, బడి ఖాళీ. పక్కింట్లో ఉన్న ముసలామెను "యాడీ" (బంజారా మాటలో అమ్మ) అని పిలిచి సీసాలు నింపుకోవచ్చా అని మరాఠీలో అడిగాను. నా మరాఠీ విని ఆమె తెలుగులో జవాబిచ్చింది. వయసులో ఉన్నప్పుడు పత్తి ఏరడానికి ఏటా ఆదిలాబాద్ దిక్కు పోయేదట, అక్కడ అబ్బింది తెలుగు. "ఏం మొక్కు బిడ్డా?" ఇక్కడా అదే. మొక్కేం లేదు యాడీ అన్నాను. "మరి నీ కాళ్లకు నువ్వేం చెప్పి తీస్కొస్తున్నవ్?" అంది. నాకు జవాబు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

అయితే నీళ్ల మాట దగ్గర నేను కొంచెం వెనక్కి తగ్గాను. తాండాకు ట్యాంకర్ వస్తుంది, అది వచ్చే రోజు ఇంటికి ఇన్ని డ్రమ్ములని లెక్క. అలాంటి చోట పరాయివాడు ఆరు లీటర్లు అడగడమంటే వాళ్ల ఇంట్లో ఒక మనిషి రోజంతా తాగే నీళ్ల కంటే ఎక్కువ. నేను రెండు లీటర్లు చాలన్నాను. ఆమె వినలేదు. రాంజణ మీద మూత తీసి, పొడుగు పిడి ఇత్తడి గరిటెతో ఒక్కో గరిటే ముంచి, చుక్క కింద పడకుండా నా ఛాగల్ మూతిలోకి వంచింది. ప్రతి గరిటెకూ మూతి అంచున నిలిచిన చుక్కను వేలితో లోపలికి తోసింది. అంత శ్రద్ధగా నీళ్లు పోయడం నేను పట్నంలో చూడలేదు.

దానికి బదులు ఏదైనా చేద్దామని, ఇంట్లో ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందంటే నా టెస్టర్ తీశాను. కండెన్సర్ పోయుంటుంది, మార్చేస్తే పరుగెత్తుతుందని మనసులో గొప్పగా ఉంది. మీటర్ పెడితే కండెన్సర్ బాగానే ఉంది, వోల్టేజీయే 160 దాటడం లేదు. దానికి నేనేం చేయగలను? "రాత్రి పన్నెండు దాటితే అదే జోరుగ తిరుగుతది" అని ఆమే నన్ను ఓదార్చింది. జొన్నరొట్టె, పచ్చిమిరప ఠేచా పెట్టింది. పొద్దున నేను లేచేసరికి ఆమె అప్పటికే అడవికి పోయింది.

తునికాకు కాలం అది. పూర్తిగా తెల్లారకముందే తాండాలకు తాండాలు గుట్టల్లో ఉంటాయి. నేను నాలుగింటికి బయలుదేరి నన్ను నేను మెచ్చుకుంటుంటే, వెన్నెల్లో ఆడవాళ్లు, పిల్లలు మూటలు కట్టుకుంటూ కనిపించారు. పది లోపు ఇల్లు చేరి, మధ్యాహ్నమంతా నీడలో కట్టలు కడతారు. ఎండాకాలం అడవిలో ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు తిరగకూడదో నాకు ఏ యాప్ చెప్పలేదు, వీళ్ల రోజు చూసి పెట్టుకున్న టైంటేబుల్ నాది. ఒక కుర్రాడితో కాసేపు మాట్లాడాను. మహారాష్ట్రలో కట్టకు 70 ఆకులు, అటు తెలంగాణలో 50. సరిహద్దు దాటి చుట్టాలింటికి పోయినప్పుడల్లా రేటు గురించి వీళ్లలో వీళ్లకు పంచాయితీ. "మీ దిక్కు 50కే కట్ట అయితది, మా చేతులు ఇంకా 20 లెక్కపెట్టాలె" అని వాడి గోల. వాడు దారి పొడుగునా మొర్రి పండ్లు తెంపి నా దోసిట్లో పోశాడు. పుల్లతీపి పండు, గింజ ఉమ్మేస్తే తిట్టాడు. దాంట్లో సారపప్పు ఉంటుంది, అమ్ముకోవచ్చు. తర్వాత నుంచి గింజలు వాడి సంచిలోనే వేశాను.

తొమ్మిదిన్నరకు నడక ఆపాను. ఇంకో గంట నడవగలనని ఒళ్లు చెబుతూనే ఉంటుంది, ఆ మాట వినకూడదు. ఎండదెబ్బ వచ్చే ముందు చెప్పి రాదు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటాక మనిషి తికమకగా మాట్లాడతాడు, ఒంటరిగా ఉన్నవాడు ఎవరితో మాట్లాడి తెలుసుకోవాలి? అందుకే గడియారం చెప్పిందే వేదం. ఎండిన వాగు ఒడ్డున పెద్ద తెల్లమద్ది చెట్టు దొరికింది. వాగు పొడుగునా ఉండే ఈ మద్దిచెట్లకు మేలో కూడా ఆకు ఉంటుంది, వేళ్లు లోతు నీళ్లను అందుకుంటాయి. మద్దిచెట్టు పచ్చగా ఉందంటే కింద ఎక్కడో చెమ్మ ఉందన్న మాటే.

వాగు మలుపులో, ఇసుక కాస్త నల్లబడ్డ చోట చెలిమ తవ్వాను. మొదట చేతికి తగిలింది మండే ఇసుక. జానెడు లోతుకు గోరువెచ్చన. మోచేయి లోతుకు వచ్చేసరికి ఇసుక ముద్దకట్టడం మొదలై, వేళ్లకు చల్లగా తగిలింది. అక్కడ ఆగి గుంట పక్కలను అరచేతితో అదిమి నిలబెట్టాలి, లేకపోతే కూలిపోతుంది. కాసేపటికి అడుగున మట్టి రంగు నీళ్లు చేరాయి. వాటిని చిప్పతో తోడి పారబోశాను. మళ్లీ ఊరాయి, మళ్లీ పారబోశాను. అలా చేస్తూ పోతే చివరికి తేటనీళ్లు ఊరాయి, ఇసుక రేణువులు అడుగున గుండ్రంగా తిరుగుతూ కనిపించేంత తేట. రుమాలు నాలుగు మడతలు వేసి వడగట్టి, క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగాను. ఒక సీసా నిండేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. నేను పక్కకు జరిగిన కాసేపటికే తెల్లని పొడుగు తోక పిట్ట ఒకటి వచ్చి ఆ గుంటలో మునిగి లేచి పోయింది. వచ్చేటప్పుడు గుంట పూడ్చకుండా వదిలేశాను, రాత్రికి ఇంకెవరికైనా పనికొస్తుంది.

మధ్యాహ్నం అసలు పని. అంటే ఏమీ చేయకపోవడం. ఒంటరిగా పోయినవాళ్లు కొండల గురించి, తెల్లవారుజాము వెలుగు గురించి రాస్తారు గానీ, మే నెల నడకలో మూడొంతులు చెట్టు కింద కూర్చోవడమే. నీడ జరిగినప్పుడల్లా మనమూ జరగాలి. కళ్ల చుట్టూ చిన్న ఈగలు ముసురుతుంటాయి, అవి మన చెమటకు వచ్చినవి, వాటి దాహం వాటిది. ఒంటిగంటకు వడగాలి మొదలైంది. కూలర్ ముందు కూర్చుని బతికేవాడిని కాబట్టి నా దగ్గర వేడి, తేమ చూపే చిన్న మీటర్ ఉంటుంది, దానికి వైరుతో పొడుగు ముల్లు. నీడలో 43 డిగ్రీలు, తేమ 12 శాతం చూపించింది. కాలక్షేపానికి ఆ ముల్లుకు దూది చుట్టి, నీళ్లలో ముంచి, గాలికి వేలాడదీశాను. అంకెలు జారిపోవడం మొదలుపెట్టాయి. 40, 35, 30. చివరికి 22 దగ్గర నిలబడ్డాయి. అదే గాలి, అదే చెట్టు, తడి ఒక్కటే తేడా.

నా వృత్తి మొత్తం ఆ 43కీ 22కీ నడుమ ఉన్న సందులో ఉంది. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడిని ఒంట్లోంచి తీసుకుపోతుంది. పొడి గాలి ఎంత భయంకరంగా ఉన్నా చెమటను ఆవిరి కానిస్తుంది, కాబట్టి నీళ్లు, నీడ ఉన్నంతసేపు మనిషి నిలబడతాడు. జూన్‌లో రెండు వానలు పడి తేమ పెరగ్గానే ఇదే లెక్క తలకిందులవుతుంది. అప్పుడు "కూలర్ చల్లగాలి ఇస్తలేదు" అని ఊరంతా నా మీద పడతారు, పంపు మార్చినా మోటారు మార్చినా ఏం లాభం, గాలి తడిని తీసుకోనంటోంది. తడిదూదితో చూసిన అంకె 35కు చేరితే ఆరోగ్యంగా ఉన్నవాడు నీడలో కూర్చున్నా ఒంటి వేడి బయటికి పోదని శాస్త్రవేత్తలు గీత గీశారు. విశాఖలో ఉండే మా బావ 36 డిగ్రీలకే ఉక్కపోతతో చస్తున్నానంటే మేము నవ్వేవాళ్లం, 45 చూసినవాళ్లం కదా అని. నేనైతే ఇప్పుడు నవ్వను. ఆ తడిదూది ప్రకారం చూస్తే అతనిదే పెద్ద కష్టం.

పొడి ఎండలో మోసం వేరే ఉంది. చెమట పట్టినట్టే తెలియదు, పట్టిన వెంటనే ఎగిరిపోతుంది. చొక్కా వీపున తెల్లటి ఉప్పు చారలు కట్టేదాకా ఎంత పోయిందో అర్థం కాదు. దాహం మీద ఆధారపడకూడదు, మూత్రం రంగు చూసుకోవాలి. ముదురు పసుపైతే కదలకూడదు, అంతే. బట్టల విషయంలో జిమ్ బనియన్లు, నిక్కర్లు వేసుకొచ్చే పిల్లలను చూస్తే నాకు జాలి. వదులైన ఫుల్ హ్యాండ్ చొక్కా, పైజామా, నెత్తి మీద తడి రుమాలు. పశువుల కాపర్లు అందరూ అలాగే ఉంటారు, వాళ్లకు ఫ్యాషన్ తెలియక కాదు.

నాలుగున్నర దాటాక లేచి చివరి గుట్టల వరస ఎక్కాను. ఈ భాగం నిజంగా నిటారు. రాళ్లు కాలి కింద గలగలమని జారుతాయి, పట్టుకుందామని చెయ్యి పెడితే రాయి కాలుతుంది. వీపున బ్యాగు తడి, నోరు పొడి. ఎక్కడా నీడ లేదు, అయితే పొద్దు గుట్ట వెనక్కి పోయింది కాబట్టి బతికిపోయాను. పైకి వచ్చేసరికి ఎదురుగా మాహూర్ శిఖరాలు మూడూ ఒకేసారి కనిపించాయి, రేణుక శిఖరం, దత్త శిఖరం, అనసూయ శిఖరం. కోట గోడ గుట్ట అంచున పాకుతూ పోతోంది. నేను అక్కడ అరగంట కూర్చున్నాను. మిగిలిన ఛాగల్ నీళ్లు పొదుపు లేకుండా తాగేశాను. ఈ ప్రయాణంలో ఇంకేం గుర్తుండకపోయినా ఆ నీళ్ల చల్లదనం గుర్తుంటుంది.

మాహూర్‌లో రాత్రి ధర్మశాలలో. మర్నాడు పొద్దున్నే అవ్వ పెట్టిన కొబ్బరికాయతో మెట్లెక్కాను. మహారాష్ట్రలో మూడున్నర శక్తిపీఠాలంటారు, కొల్హాపూర్, తుళజాపూర్, మాహూర్, సగం పీఠం వణీ సప్తశృంగి. మనవాళ్లు చదివే అష్టాదశ పీఠాల్లోనూ మాహూర్ ఏకవీరికా దేవి ఉంది. ఇక్కడ అమ్మవారికి ముఖం మాత్రమే, సింధూరం పూసిన పెద్ద ముఖం. మెట్ల పొడుగునా తాంబూలం దంచే చప్పుడు. తమలపాకులు, వక్క, కాచు, సున్నం, సోపు రోట్లో వేసి ఎర్రటి ముద్ద అయ్యేదాకా దంచుతారు, అదే అమ్మవారికి నైవేద్యం, అదే మనకు ప్రసాదం. ఎండలో నోరెండి వచ్చినవాడికి ఆ ముద్ద నాలుక మీద పెట్టుకోవడం ఎంత సుఖమో మాటల్లో పెట్టలేను. తాంబూలం దుకాణంలో నిర్మల్ నుంచి వచ్చిన ఒక కుటుంబం కలిసింది. నా తెలుగు విని పెద్దామె అడగనే అడిగింది, "నడిచొచ్చినవా తమ్మీ? ఏం మొక్కుకున్నవ్?" అప్పటికి నాకు ఓపిక అయిపోయింది. "ఈసారి కూలర్ల సీజన్ మంచిగ నడవాలని మొక్కుకున్నక్కా" అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. మొక్కు తీరుతుందని దీవించి, వాళ్లింట్లో కూలర్ నీళ్లు కారుతోందని, ఏం చేయాలని అడిగింది. ట్యాంకు మూల తుప్పు పట్టి ఉంటుంది, ఎంసీల్ పెట్టించండి అన్నాను.

కోట చూడటానికి హాథీ దర్వాజా దాకా పోయాను గానీ, తొమ్మిదికే రాళ్లు కాలుతుంటే వెనక్కి తిరిగాను. అది డిసెంబర్‌లో చూడాల్సిన చోటు. దత్త శిఖరం మాత్రం వదల్లేదు. దత్తాత్రేయుడు కాశీలో స్నానం చేసి మాహూర్‌లో భిక్ష చేస్తాడని దత్తభక్తులు చెప్పుకుంటారు. ఆయన భిక్ష చేసిన ఊళ్లో నేనూ పంక్తిలో కూర్చుని పప్పూ అన్నం తిన్నాను. మధ్యాహ్నం బస్సుకు కిన్వట్. ఫోను ఆన్ చేస్తే తమ్ముడి మిస్డ్ కాల్స్ వరసగా, అన్నీ గడ్డి ఎక్కడ పెట్టావనే.

ఇది విని ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు మేమూ పోతామంటున్నారు. పోండి, కానీ రోహిణి కార్తెలో వద్దు. మే 25 నుంచి ఇక్కడ నవతపా అంటారు, రోళ్లు పగిలే ఎండలు, అప్పుడు తునికాకు వాళ్లు కూడా గుట్టలెక్కరు. గార్డుకు చెప్పి పోండి. తాండాలో నీళ్లు తీసుకుంటే డబ్బులు ఇవ్వబోకండి, తీసుకోరు, నొచ్చుకుంటారు. బెల్లమో ఛాయ్ పత్తీనో తీసుకుపోండి.

ఛాగల్ ఎక్కడ దొరుకుతుందని అడిగారు. ఆదిలాబాద్‌లో లారీ సామాన్ల దుకాణాల్లో అడిగి చూడండి. కొత్తది తెచ్చిన వెంటనే తాగే నీళ్లు పోయకండి, గంజి వాసన కొడుతుంది. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున పిండి ఆరేయాలి. అలా నాలుగైదు సార్లు చేశాక వాసన పోతుంది, కారడం కూడా తగ్గుతుంది. సబ్బు మాత్రం తగలనివ్వొద్దు.